మామయ్య కురిపించిన మంచు

పాత సినిమాలు భద్రపరిచే కార్యాలయంలో, నేలమాళిగ గదిలో కూర్చుని రీళ్ళు బాగుచేయడం ఆమె పని. బూజు పట్టిన ఫిల్మును మెత్తటి గుడ్డతో తుడిచి, చిరుగులు అతికి, ఒక్కొక్క బొమ్మనూ కంప్యూటర్లోకి ఎక్కించాలి. పన్నెండేళ్ళుగా అదే చేస్తోంది. ఆ ఉద్యోగం వేయించింది మేనమామ. ఆ సంగతి ఆమె మరిచిపోయే ప్రమాదమేమీ లేదు. వారానికోసారి ఆయనే గుర్తుచేసి పోతుంటాడు.

మేనమామ సామాన్యుడు కాడు. డెబ్బై ఏళ్ళ కిందటి కార్టూను ఒకటుంది, మొత్తం ఏడు నిమిషాలు. చలికాలంలో చెరువు గడ్డకడితే జంతువులన్నీ చేరి ఆడిపాడడమే కథ. ఎలుగుబంటి డోలు వాయిస్తుంది, బాతులు వరసకట్టి జారతాయి, నక్క ఫిడేలు పట్టుకుని వాటి వెంటపడుతుంది. దాని మీద ఆయన నాలుగు వందల పేజీల పుస్తకం రాశాడు. అందులో జంతువులకు దక్కింది పదకొండు పేజీలు. మిగిలినదంతా మంచే. బొమ్మ నిండా ఎడతెరిపి లేకుండా రాలే ఆ తెల్లటి చుక్కలు చిత్రకారుడి గుండెలోంచి రాలిన దుఃఖమని తేల్చాడు. సభల్లో ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికేది, ప్రతిసారీ అదే వాక్యం దగ్గర. చుట్టాలు ఆయన వెనకాల మంచు మామయ్య అనుకునేవారు. ఆ పుస్తకాన్ని నాలుగుసార్లు టైపు చేసిన అత్తయ్య మాత్రం ఏమీ అనేది కాదు.

ఆ కార్టూనును బాగుచేయించి పెద్ద తెర మీద వేయాలని డైరెక్టరు తలపెట్టాడు. ముఖ్య అతిథి మామయ్యే. ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయి కూడా. అప్పుడొచ్చింది చిక్కు. కార్టూను తీసిన స్టూడియో యజమాని మనవరాలట, అటక మీద దొరికిందంటూ ఒక రేకు డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మూత తీస్తే కాపీలన్నిటికీ మూలమైన అసలు నెగెటివు, నిన్న మొన్న కడిగి ఆరబెట్టినట్టు నిగనిగలాడుతూ.

ఆమె దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి చూసింది. నమ్మకం కుదరక మళ్ళీ చూసింది. చెరువు గట్టున, కొమ్మల మీద మంచు పేరుకుని ఉంది కానీ, పైనుంచి ఒక్క చుక్క రాలితే ఒట్టు! ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. మూలన సూర్యుడు పళ్ళికిలిస్తున్నాడు. ఇన్నాళ్ళూ అందరూ చూస్తూ వచ్చిన పాత కాపీని భూతద్దం కింద పెట్టి చూసింది. అనుమానం లేదు. మామయ్య నలభై ఏళ్ళుగా గొంతు వణికించుకుంటున్నది బూజు కోసం.

కబురందుకుని మామయ్య ఊపిరి పీల్చుకోకుండా మెట్లు దిగొచ్చాడు.

"ఇదేంటమ్మాయ్? మంచేదీ?"

"లేదు మామయ్యా. పాత కాపీలో ఉన్నది బూజు."

"బూజా! నువ్వే తుడిచేసుంటావ్. చేతికి గుడ్డ దొరికితే చాలు నీకు!"

"నేను దీన్ని ముట్టుకోలేదు. డబ్బాలోంచి తీసింది తీసినట్టే ఉంది."

"అయితే చిత్రకారుడు మనసు మార్చుకుని తర్వాత వేసుంటాడు."

"పాత కాపీలో ఆ చుక్కలు ఫిల్ము అంచుల మీద కూడా ఉన్నాయి మామయ్యా. బొమ్మే లేని చోట ఎవరు వేస్తారు?"

మామయ్య ఆమెను జాలిగా చూశాడు. "పిచ్చిదానా, దుఃఖానికి అంచులుంటాయా?"

సంగతి డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మామయ్య ముఖమూ, ఆహ్వానపత్రమూ మార్చి మార్చి చూసి, "జనానికి తెలిసిన సినిమా ఇది కాదు కదమ్మా. మళ్ళీ పెట్టెయ్," అన్నాడు.

"బూజు పెట్టమంటారా సార్?"

"మంచు అను."

అసలు నెగెటివు డబ్బా మీద 'లోపమున్న ప్రతి' అని ఆమె చేతే చీటీ రాయించి అతికించాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు బూజు వదలగొట్టిన చేత్తోనే బూజు పట్టించాలి. అయినా నోరు మూసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. మామయ్య ఊరుకుంటే త్వరగానే అయిపోయేది. ఊరుకుంటాడా! కుర్చీ లాక్కుని మూడు రోజులు పక్కనే తిష్ఠ వేశాడు.

"ఇక్కడ కాస్త దిగులుగా పడనీ. అలా టపటపా పడకూడదు. ఆ సూర్యుడు అసహ్యంగా ఉన్నాడు, కప్పెయ్. బాతులెందుకన్ని? రెండు చాల్లే."

"ఎలుగుబంటి కూడా కనబడ్డం లేదు మామయ్యా."

"డోలు వినబడుతోందిగా!"

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. మామయ్య గొంతు వణకాల్సిన చోట వణికింది. దీపాలార్పారు. తెర తెల్లబడింది, తెల్లగానే ఉండిపోయింది. ఆ తెలుపులోంచి డోలు మోగింది, ఫిడేలు కీచుమంది, బాతులు పాడాయి. నాలుగు నిమిషాలయ్యాక ముందు వరసలోంచి అత్తయ్య గొంతు ఖంగున వినిపించింది.

"ఇంతకీ బొమ్మ ఎప్పుడు మొదలవుతుందే?"

ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషులు 'ష్' అన్నారు. అయిపోగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెలుపు ఇంత లోతుగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదని మర్నాడొక పత్రిక రాసింది. బాగుచేసిన పనితనానికి డైరెక్టరుకు శాలువా కప్పారు.

వారం తిరక్కుండా అత్తయ్య నేలమాళిగకు దిగొచ్చింది.

"నువ్వు ముందు చూసిందేదో నాకూ చూపించవే. ఆ పుస్తకం టైపు చేసి చేసి నా వేళ్ళు అరిగాయి, ఆ జంతువులు ఎలా ఉంటాయో నాకు తెలీదు."

ఆమె తలుపు దగ్గరకు వేసి నెగెటివు బొమ్మ ఆడించింది. సూర్యుడు నవ్వాడు. బాతులు జారాయి. గట్టున దాక్కున్న ఒక కుందేలు ఎలుగుబంటి డోలుకు తాడు కట్టి లాగింది. డోలుతోబాటు ఎలుగుబంటీ, దాని వెనక బాతులూ, ఫిడేలుతో సహా నక్కా వెళ్ళి మంచుకుప్పలో కూలబడ్డాయి. అత్తయ్య కడుపు పట్టుకుని నవ్వింది. అంతలో తలుపు దగ్గర ఇంకెవరో పక్కున నవ్వారు.

మామయ్య. భార్యను వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. ఇద్దరూ తిరిగి చూసేసరికి ఆ నవ్వును దగ్గులోకి మార్చబోయాడు కానీ, పొలమారి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

కాసేపటికి తేరుకుని, "ఆ కుందేలు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అనడిగాడు.

"మొదట్నుంచీ ఉంది మామయ్యా. పాత కాపీలోనూ ఉంది."

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఎప్పుడూ లేనిది, కూర్చోవచ్చా అన్నట్టు కుర్చీకేసి చూశాడు.

"కూర్చోండి. నోరు మాత్రం తెరవకండి," అంది అత్తయ్య. "మళ్ళీ మొదట్నుంచి వెయ్యవే."