రంగు తగలని చోటు

మా డ్రైవింగ్ స్కూలంటే ఒక ముసలి కారు, దాని పక్క సీట్లో నోరు పెట్టుకుని నేను. అంతే. ఆ మధ్యాహ్నం కారుకి తనిఖీ. పోయినసారి తుప్పు చూసి వెనక్కి పంపారు. ఈసారీ తప్పితే బండి తుక్కుకే, స్కూలుకి తాళమే.

తుప్పు సంగతి మా మామగారు చూసుకున్నారు. జీవితమంతా కార్లకి రంగులు వేసిన మనిషి. లైట్లు ఊడదీసి, డిక్కీ లోపల మూలమూలకీ బ్రష్షు పోనిచ్చి, మళ్లీ బిగించి, "రంగు తగలని చోటు చూపించమ్మాయ్, మీసం తీసేస్తా!" అని సవాలు విసిరారు. ఆ గుబురు మీసమంటే ఆయనకి ప్రాణం.

ఆరోజు పొద్దున్నే షెడ్డులో ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి నేను కారు వెనక నిలబడ్డాను.

"బ్రేక్ నొక్కండి మామయ్యగారూ!"

"నొక్కా!"

"గట్టిగా!"

"ఇంకా నొక్కితే కాలు నేలకి తగులుతుంది!"

ఎర్ర లైటు ఒక్కటీ వెలగలేదు.

ఫ్యూజు బాగానే ఉంది. బల్బులు మార్చాను, ఉహూఁ. పెడలు దగ్గరి స్విచ్చు కోసం తలకిందులుగా దూరాను, అదీ పనిచేస్తోంది. టెస్టు లైటు పెట్టి చూస్తే బల్బు హోల్డరు దాకా కరెంటు వస్తోంది. మరి వెలగడానికేం రోగం? ఒళ్లు మండిపోయింది.

"మెకానిక్‌ని పిలుద్దామమ్మాయ్."

"పిలిస్తే రేపొస్తాడు. తనిఖీ ఇవాళ!" అని అరిచాను.

అరుస్తూనే ఆగిపోయాను. కరెంటు వస్తే చాలదు, తిరిగి వెళ్లాలి కూడా. లైట్ల నుంచి వచ్చే నల్లతీగని డిక్కీలో ఒక బోల్టుతో కారు ఇనుముకి బిగిస్తారు. కరెంటు తిరిగి వెళ్లే దారి అదే, మధ్యలో ఏదీ అడ్డుండకూడదు. బోల్టు విప్పాను. తీగ కింద దళసరిగా, నున్నగా, మామగారి రంగు!

"దీన్నీ వదల్లేదా!"

"ఏదీ వదల్లేదని చెప్పాగా," అన్నారు పాపం, గర్వంగా.

చాకు తీసి గీకాను. గీకినప్పుడల్లా "అయ్యయ్యో, నా పని!" అని ఆయన మూలుగు. ఇనుము బయటపడింది. తీగ పెట్టి బోల్టు బిగించాను.

"నొక్కండి!"

షెడ్డు గోడంతా ఎర్రబడింది. నేను గెంతులు వేస్తుంటే ఆయన పెడలు మీంచి కాలు తియ్యనేలేదు.

మధ్యాహ్నం తనిఖీ అధికారి, "బ్రేక్ నొక్కండి మేడమ్," అన్నాడు. నొక్కాను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పాస్. పాత బండైనా భలే చూసుకున్నారు," అన్నాడు. నా ఆనందం పట్టడానికి ఆ కారు చాలలేదు.

వీధి చివర నుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చాను. మామగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. "పాస్!" అని కేకపెట్టి దిగబోయి, ఆయన మొహం చూసి నోరు తెరిచాను.

మీసం లేదు.

"గీకి మరీ రంగు తగలని చోటు చూపించావుగా అమ్మాయ్," అన్నారు, బోడి మూతి తడుముకుంటూ. "మాటంటే మాటే. పద, ఓ రౌండు తిప్పు."