ఫైలుకెక్కని రెండు ఇంజెక్షన్లు

ఫైలు బావ పైపుల మేస్త్రీ మాట ఏనాడు చెవిన పెట్టాడని? అక్క పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ లేదు. మేస్త్రీ ఆరో తరగతిలో బడి మానేశాడు కాబట్టి, బావ లెక్కలో అతని బుర్ర కూడా అక్కడే ఆగిపోయింది. ఆఫీసులో ఫైళ్లు సర్దే బావ ఇంట్లో మనుషుల్నీ అలాగే సర్దేవాడు.

అక్కకి పెద్దపేగులో కేన్సరు గడ్డ, కాలేయంలో దాని పిల్ల గడ్డ. మూడు వారాలకో ఇంజెక్షన్. ప్రతిసారీ మేస్త్రీయే పని మానుకుని తీసుకెళ్లాడు. కేన్సరు డాక్టరమ్మ మొదటిరోజే విడమరిచి చెప్పింది. గడ్డ పెరగాలంటే నెత్తురు కావాలి. అందుకని అది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ని బయటికి వదులుతుంది. అది తగలగానే పక్కనున్న రక్తనాళాలు చిగుళ్లేసి గడ్డలోకి పాకుతాయి. ఈ మందు ఆ ప్రోటీన్ని మధ్యలోనే పట్టేస్తుంది.

"అంటే ఈ గడ్డ మహాతల్లి మెయిన్ లైను నుంచి దొంగ కనెక్షన్ లాక్కుంటోందన్నమాట!" అన్నాడు మేస్త్రీ. "మరి ఆపరేషను చేస్తే, ఆ గాయం మానడానికీ కొత్త నాళాలు కావాలి కదమ్మా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి అతనికేసి చూసింది. "నా దగ్గర చదువుకునేవాళ్లు కూడా ఇంత తొందరగా ఈ మాట అడగరు. కావాలి. అందుకే ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఆరు వారాలు ఆగాకే కాలేయం జోలికి వెళ్తాం."

ఆ ఆరు వారాల మాట మేస్త్రీ బుర్రలో మేకులా దిగిపోయింది.

మందుకి గడ్డలు చిన్నవయ్యాయి. బావకి సెలవు దొరికిన వారమే, వేరే ఆసుపత్రిలో ఆపరేషను పెట్టించేశాడు. ఆ పొద్దున కబురు తెలిసి మేస్త్రీ పరుగెత్తాడు. అక్క అప్పటికే ఆసుపత్రి గౌనులో మంచం మీద ఉంది. సర్జను చేతిలో బావ ఫైలు. అందులో ఆఖరి ఇంజెక్షన్ యాభైమూడు రోజుల కిందటిది. ఆ తర్వాతి రెండింటికీ బావ ఆఫీసు పని మీద క్యాంపులో ఉన్నాడు. ఆ ఇంజెక్షన్ల చీటీలు ఫైలుకెక్కకుండా అక్క బీరువాలోనే ఉండిపోయాయి.

"ఆపండి డాక్టరుగారూ. ఆఖరిది పడి పదకొండు రోజులే అయింది."

"ఏడిశావులే! ఫైలు కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు బావ.

"సూది పడింది ఫైలుకి కాదు బావా, మా అక్కకి."

బావ అతని భుజం నొక్కి గొంతు తగ్గించాడు. "నలుగురిలో నా పరువు తీశావో, నీ షెడ్డు స్థలం నా పేరునే ఉంది. రేపే తాళం వేస్తాను."

నిజమే. కాగితాల సంగతి తెలిసినవాడని, సొంత డబ్బుతో కొన్న స్థలాన్ని మేస్త్రీ బావ పేరున రాయించాడు.

"వేసుకో. తాళాలు బజారు నిండా ఉన్నాయి. అక్క ఒక్కతే."

మేస్త్రీ జేబులోంచి కొలతల పుస్తకం తీశాడు. పైపుల కొలతల మధ్య మందు సీసాల లేబుళ్లు, వాటి పక్కన తేదీలు. సర్జను చూసి అక్కవైపు తిరిగాడు.

"నిజమేనామ్మా?"

"నిజమే సార్. ఈయనకి చెప్పాను. ఫైలు చూసుకుంటాలే, నువ్వు నోర్ముయ్ అన్నారు."

సర్జను డాక్టరమ్మకి ఫోను చేసి, ఫైలు మూసి బావ చేతిలో పెట్టాడు. "ఇవాళ కోస్తే నెత్తురు ఆగకపోవచ్చు, కుట్లు విడిపోవచ్చు. నెల దాటాక రండి."

నెల దాటాకే ఆపరేషనైంది. కుట్లు చక్కగా మానాయి. పదోరోజుకి అక్క తన కాళ్ల మీద ఇంటికి నడిచొచ్చింది.

బావ కూడా అన్నంత పనీ చేశాడు. మేస్త్రీ పైపులూ పానాలూ రోడ్డున పడ్డాయి. పోయింది పదిహేనడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు: సరిగ్గా యాభై గజాల స్థలం, అంతే.