వంట జిమ్మేదారి

పెద్ద గుండిగలో నడుము దాకా దూరి యాదవ్వ దాని అడుగు తోముతోంది. రేకుల కప్పు మీద పడుతున్న వాన చప్పుడు గుండిగ లోపల ఇంకా గట్టిగా మోగుతోంది. తల బయటికి తీసి, కొంగుతో మొహం తుడుచుకుని, నడుం పట్టుకుని నిలబడింది. సన్నటి మనిషి. మోచేతుల దాకా మసి. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి.

ఎల్లారెడ్డిలో ప్రేమ్‌కుమార్ టెంట్ హౌస్ గిన్నెలు ఏ ఊరి పెళ్లికి పోయినా, చివరికి ఆమె చేతుల్లోకే తిరిగొస్తాయి. పెద్దసేటు బతికుండగా పనిలో చేరింది. ఆయన పోయాడు. కొడుకు ప్రేమ్‌కుమార్ గల్లా మీద కూర్చున్నాడు. యాదవ్వ మాత్రం అదే నల్లా దగ్గర, అదే బండ మీద.

"అక్కా, గుండిగ అయిందా? తండా మంది బయలెల్లిండ్రట" అంటూ రుక్మాబాయి వచ్చింది. ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి. మాట మెత్తన. పెద్ద గంటెను భుజానికి ఆనించుకుని నిలబడితే ఆ షెడ్డంతా తనదే అన్నట్టుంటుందని యాదవ్వకు అనిపిస్తుంది.

"కండ్లు లేవా? అక్కడుంది, తీస్కపో" అంది యాదవ్వ.

పోయినేడు వరదలో మంజీర ఒడ్డున రుక్మాబాయి ఇల్లు కూలింది. కట్టుబట్టలతో వచ్చి అందరితోపాటు బడిలో తలదాచుకుంది. ఆ రోజు పొద్దంతా ఎవరికీ మెతుకు దొరకలేదు. బియ్యం దుకాణంలో బియ్యం ఉంది, గోదాములో గ్యాసు ఉంది, టెంట్ హౌస్‌లో గుండిగలున్నాయి. ఎవరు ఎవరిని అడగాలో, ఎవరు ముందు కదలాలో తెలియక పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. చివరికి ప్రేమ్‌కుమార్ గుండిగలు దించితే, రుక్మాబాయి తడి చీర దోపుకుని లేచి గంటె పట్టింది. ఇల్లు పోయిన మనిషి అందరికీ వండి పెట్టింది. సేటు ఆమెను పనిలోనే ఉంచేసుకున్నాడు.

నీళ్లు తీశాక బజారు వ్యాపారులంతా కూర్చుని మాట్లాడుకున్నారు. మళ్లీ అట్లా కాకూడదు, వానాకాలం రాకముందే ఎవరి దుకాణంలో ఉన్నది వాళ్లు కొంత పక్కన పెట్టాలి, పిలిచే దాకా ఆగకుండా తేవాలి అనుకున్నారు. ఫంక్షన్ హాలాయన తాళం తీస్తానన్నాడు, మందుల దుకాణమాయన గోలీలు తెస్తానన్నాడు. ప్రేమ్‌కుమార్ తాటిపత్రులు, మోకులు, గుండిగలు తనవన్నాడు. ఆ మాటలు జరుగుతుంటే చాయ కప్పులు అందిస్తున్నది యాదవ్వే.

"వంట జిమ్మేదారి మా రుక్మాబాయిది" అన్నాడు సేటు అందరి ముందు.

కప్పుల పళ్లెం పట్టుకుని యాదవ్వ అక్కడే ఆగిపోయింది. సేటు పెళ్లికి ఎసరు పెట్టిన గుండిగ తోమింది తాను. పెద్దసేటు దినాలకు కూరగాయలు కోసింది తాను. నిన్నగాక మొన్న నీళ్లలో కొట్టుకొచ్చిన మనిషి 'మా రుక్మాబాయి' అయింది. ఆ మాట అప్పటి నుంచీ గొంతులో ముల్లులా ఉంది.

ఇవాళ అనుకున్నట్టే అన్నీ కదిలాయి. చెరువు కట్ట తెగేటట్టుందని కబురు రాగానే హాలు తలుపులు తెరుచుకున్నాయి. బియ్యం బస్తాలు దిగాయి. గాంధారి దిక్కు తండా నుంచి దేవీసింగ్ ట్రాక్టరు మీద మనుషులను తెచ్చి దించుతున్నాడు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, తడిసిన మూటలు, ఒక మేకపిల్ల. గుండిగల వెంటే యాదవ్వ కూడా హాలు వెనక వంటశాలకు వచ్చింది; అక్కడ పొయ్యిలు భగ్గుమంటున్నాయి. రుక్మాబాయి అన్నం వార్చడం చూసి సేటు ఫోనులో ఫోటో తీశాడు. "జర పక్కకు జరుగు యాదక్కా, అడ్డమొస్తున్నవు" అన్నాడు.

ఆమె జరిగింది. జరిగి, సామాన్ల గది గోడకు ఆనుకుని ఉల్లిగడ్డలు కోయసాగింది.

గదిలో చార్జింగు పెట్టిన ఫోను మోగింది. రుక్మాబాయి పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "అక్కా, నా ఫోనేనేమో, జర చూడవా? చేతులు ఖాళీ లేవు."

పొయ్యి హోరులో వినబడనట్టు యాదవ్వ తల దించుకుంది. గిన్నెలు తోమాలె, ఉల్లిగడ్డలు కోయాలె, ఇప్పుడు ఈమె ఫోన్లు కూడా ఎత్తాలెనా? ఫోను ఆగింది. కాసేపటికి మళ్లీ మోగింది. రుక్మాబాయి ఇటు చూసింది కానీ అప్పుడే పప్పు పొంగింది, అటు తిరిగింది. యాదవ్వ కత్తిని ఇంకా వేగంగా ఆడించింది. కళ్లలో నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది.

ఉల్లిగడ్డలు అయిపోయి, తాలింపు పెట్టడం కూడా అయ్యాక, ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఈసారి విసుగుతో లేచి ఎత్తింది.

"అక్కా! ఎన్నిసార్లు జేసిన!" అవతల మగగొంతు ఏడుస్తోంది. బిచ్కుందలో తల్లి దగ్గరుండే రుక్మాబాయి తమ్ముడు. "ఆయికి పానం మంచిగ లేదు. నిన్నే కలవరిస్తున్నది. తోవల వాగు పొంగుతున్నదంట. జల్ది రా అక్కా."

యాదవ్వ ఫోను పట్టుకెళ్లి రుక్మాబాయి చెవికి ఆనించింది. ఆమె విన్నది. చేతిలోని గంటెను చూసింది, హాల్లో వరుసగా కూర్చుంటున్న జనాన్ని చూసింది. గంటెను యాదవ్వ చేతిలో పెట్టింది.

"ఉప్పు చూసిన అక్కా. పోరగాండ్లకు ముందుగాల పెట్టు" అని మాత్రం అని, వానలోకి పరుగెత్తింది. దేవీసింగ్ ట్రాక్టరు తిప్పాడు.

సేటు వచ్చి, "ఇగ నువ్వే చూడాలె యాదక్కా" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకుంది. గంటె పిడి ఇంకా వెచ్చగా ఉంది. పిల్లలకు ముందు పెట్టింది, తరువాత ముసలివాళ్లకు. పూలి అనే తండా ముసలవ్వ రెండోసారి పప్పు పోయించుకుని, జుర్రుకుని, తలెత్తి అడిగింది.

"మంచిగున్నదే బిడ్డా. ఇందాక పొయ్యికాడున్న పిల్ల ఏది?"

"పోయింది" అంది యాదవ్వ. ఆ క్షణంలోనూ లోపల ముల్లు కదిలింది. మనిషి లేకపోయినా మెప్పు ఆమెకే.

వాన సన్నగిల్లి పొద్దుగూకుతుండగా సేటు ఫోను చెవికి పెట్టుకుని వంటశాలలోకి వచ్చాడు. విని, పెట్టేసి, గోడకు ఆనుకున్నాడు.

"రుక్మాబాయి అమ్మ సచ్చిపోయిందట. వాగు కాడ శానసేపు ఆగాల్సొచ్చిందట, ఈమె పోయేసరికే పానం పోయింది. జర ముందుగాల బయలెల్లుంటే వాగు దాటేదట, కండ్ల జూసుకునేది పాపం." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇగ రాదట. తమ్ముని భార్య లేదు గదా, పిల్లల్ని సూసుకోవాలెనట."

"నన్నేమన్న అన్నదా సేటూ?"

"నిన్నా? అందరు తిన్నరా అని అడిగింది."

యాదవ్వ పెదవులు కదిలాయి. "సేటూ... ఫోను..."

"ఏ ఫోను?"

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది. "ఏం లేదు" అంది.

అతను వెళ్లిపోయాక ఖాళీ గుండిగను బయట నల్లా దగ్గరికి దొర్లించుకుపోదామని వెనక తలుపు తీసింది. గడప అవతల, చూరు నీళ్లు కారే చోట, రుక్మాబాయి చెప్పులున్నాయి. వట్టికాళ్లతోనే పోయినట్టుంది. నీలం రబ్బరు చెప్పులు, మడమ దగ్గర అరిగి, ఒకదాని పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. చూరు నీళ్లు చుక్కచుక్కగా వాటి మీదే పడుతున్నాయి, వేళ్ల గుంటల్లో నిండి పక్కకు పొర్లుతున్నాయి, ఆ చెప్పులు మాత్రం పొద్దున విడిచినట్టే కొసలు వంటశాల వైపు తిరిగి ఉన్నాయి.