నలభై శాతం పెరిగిన ఇల్లు

ఇళ్ళ అమ్మకాల దస్తావేజులు రాసే నోటరీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. ఇన్నేళ్ళలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటంటే, టీ తాగడానికి బయటికి వెళ్ళడం. కాసాబ్లాంకాలో ఇల్లు కొన్నవాడెవడికీ ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. దస్తావేజులో రాసే ధర ఒకటి, చేతులు మారేది ఇంకొకటి. తేడా సొమ్మున్న సంచీ బల్లమీదికి వచ్చే వేళకి నోటరీ గారు చేతులు కడుక్కోవడానికి లేస్తారు. నేను ఎదుటి హోటల్లో పుదీనా టీకి పోతాను. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంటుంది. మేమేమీ చూడలేదు మరి.

పన్నెండేళ్ళ కిందట మా సందులోని బుఅజ్జా నాలుగో అంతస్తు ఇల్లు కొన్నప్పుడూ అలాగే వెళ్ళాను. ఇచ్చింది తొమ్మిది లక్షల దిర్హాములు, రాయించింది ఐదు.

నిరుటికి ఆయన భార్య ఫత్నాకి మోకాళ్ళు పట్టేశాయి, గుండె కూడా బాగాలేదు. కిందికి దిగి పద్నాలుగు నెలలైంది. ఏది కావాలన్నా కిటికీలోంచి తాడుతో బుట్ట దింపేది. ఆ ఇల్లు అమ్మేసి, అజెమ్మూర్ ఊళ్ళో చెల్లెలి పక్కన మెట్లు లేని ఇల్లు తీసుకుని, వాకిట్లో కూర్చోవాలని ఆమె ఆశ. ధరలు పడిపోతున్న రోజుల్లో కూడా ఒక బడిపంతులు ఎనిమిది లక్షలిస్తానన్నాడు.

ఆ వారమే పేపర్లో వేశారు, నగరంలో ఇళ్ళ ధరలు నాలుగు శాతం పెరిగాయని. బుఅజ్జా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు.

"ఏమోయ్ మిలూద్, ఆ పంతులు నన్ను వెర్రివాణ్ణి చేద్దామని చూశాడా? నువ్వు ఈ పనిలోనే తలపండావు. చెప్పు, ఈ లెక్క నిజమేనా?"

నోటరీ గారి గది తలుపు తెరిచే ఉంది.

నాకు తెలుసు. ఆ ఏడాది పన్నులవాళ్ళు, ధర తగ్గించి రాయించినవాళ్ళకి జరిమానాలు వేయడం మొదలుపెట్టారు. జనం భయపడి అసలు ధరే రాయిస్తున్నారు. సర్కారువాళ్ళు ఒకే ఇంటికి పాత దస్తావేజులో ఎంత, కొత్తదాంట్లో ఎంత అని పోల్చి ఆ శాతం కడతారు. పాతది అబద్ధం, కొత్తది నిజం. పెరిగినట్టు కనబడక ఏం చేస్తుంది? ఆ ఏడాది నేను టీకి వెళ్ళింది రెండే సార్లు. ఆ ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే ముప్పై ఏళ్ళ టీలూ ఒప్పుకోవాలి, అదీ నోటరీ గారి చెవిన పడేలా.

"రిజిస్టర్లో ఉన్నదే లెక్క కడతారు, బుఅజ్జా గారూ," అన్నాను.

"అయితే ఆగుతాను."

నా బుద్ధి గడ్డి తింది. పంతులు వేరే ఇల్లు చూసుకున్నాడు.

బుఅజ్జా ఆఫీసుకొచ్చిన సాయంత్రమే కిటికీ కింద నుంచి వెళ్తుంటే, అప్పుడే కాల్చిన రొట్టెలతో బుట్ట దిగింది.

"తమ్ముడూ, ఆ రొట్టెలు మీ ఆవిడకివ్వు," అంది ఫత్నా పైనుంచి. "ధర పెరిగిందటగా. వాకిలి ఇంకాస్త పెద్దదొస్తుందంటున్నారు మా ఆయన. ఇన్నాళ్ళు ఆగినదాన్ని, ఇంకో రెండు నెలలు ఆగలేనా?"

రొట్టెలు తీసుకున్నాను. తలెత్తి చూడలేకపోయాను.

రెండు నెలల్లో ఇల్లు చూడ్డానికి ఒక్కడూ రాలేదు. మూడో నెలలో ఫత్నా నిద్రలోనే పోయింది. మూడో అంతస్తు మలుపులో జనాజా పాడె తిరగలేదు. ఏటవాలుగా ఎత్తి దింపాం. ముందువైపు బరువు నా భుజం మీదే ఉంది.

చలికాలంలో బుఅజ్జా ఏడు లక్షలకి అమ్మేశాడు. సంతకాల రోజు అలవాటు కొద్దీ నేను లేచాను.

"కూర్చో మిలూద్. ఏడుకి ఏడూ రాయిస్తున్నాను. నువ్వు బయటికి పోవాల్సిన పనేం లేదు."

అప్పుడు చెప్పాను, ఆ నాలుగు శాతం సంగతి, అందరి ముందూ, మొత్తం.

"ఆ రోజు చెప్పలేకపోయావా?" అన్నాడు బుఅజ్జా.

రిజిస్టర్ ముందుకి లాక్కుని ఏడు లక్షలని రాశాను.

మూడు నెలలకి మళ్ళీ పేపర్లో వచ్చింది, ధరలు ఇంకో రెండు శాతం పెరిగాయని. బుఅజ్జా ఇల్లూ అందులో ఉంది. అప్పుడు ఐదు, ఇప్పుడు ఏడు, నలభై శాతం పెరుగుదల. రిజిస్టర్లో ఆ రెండు అంకెలూ నేను రాసినవే.