తుడిచిన గొట్టం

అధ్యక్ష ఎన్నికల్లో మా పచ్చ పార్టీ ఎందుకు ఓడిపోయిందో దేశంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలియనట్టు ఉన్నది మా పార్టీ పెద్దలు మాత్రమే.

ప్రచారం ఆఖరి వారంలో మా అభ్యర్థి డాక్టర్ లిసాంద్రో బాయెస్ మా ఊరు ఇతా మొరొతి వచ్చాడు. ఊరి కమిటీ అధ్యక్షురాలు జునిల్ద తన ఇంటి వాకిట్లోనే ఆయన్ని కూర్చోబెట్టి తెరెరె అనే చల్లటి ఆకు పానీయం కలిపింది. కొమ్ము గ్లాసులో ఆకు పోసి, పుదీనా దంచి వేసిన చన్నీళ్లు ఒంపి, ముందు తాను తాగి, మళ్లీ నింపి ఆయన చేతికిచ్చింది. మా దగ్గర ఎంతమంది తాగినా గ్లాసు ఒకటే, పీల్చే వెండి గొట్టమూ ఒకటే. అధ్యక్షుడు కాబోయేవాడైనా ఆవులు కాసేవాడైనా ఆ గొట్టంతోనే తాగి వెనక్కిస్తాడు. డాక్టరుగారు జేబులోంచి తెల్ల రుమాలు తీసి, గొట్టం మూతిని చుట్టూతా తుడిచి, అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు.

వాకిట్లో ముసలివాళ్లు మాటలాపేశారు. ఎవరో ఫోనులో తీశారు.

సాయంత్రానికల్లా దేశమంతా చూసింది. మర్నాటి నుంచి నారింజ పార్టీ సభల్లో జనం తెల్ల రుమాళ్లు ఊపడం మొదలుపెట్టారు. వాళ్ల నాయకులు ఉపన్యాసాలు తగ్గించుకుని, వేదిక మీద వరసగా నిలబడి ఒకే గొట్టంతో తాగి చూపించారు. పల్లెల్లో మా ఓట్లు ఇసకలో పోసిన నీళ్లలా ఇంకిపోయాయి.

ఓడిపోయాక పార్టీలో కొట్లాట మొదలైంది. పల్లె కమిటీలు నిద్రపోయాయని రాజధాని వాళ్లు అన్నారు. పోస్టర్లు తప్ప ఏం పంపారని పల్లె కమిటీలు అడిగాయి. యువజన విభాగం ముసలి నాయకుల్ని ఇంటికెళ్లి మనవల్ని ఆడించుకోమంది. ముసలి నాయకులు యువజన విభాగాన్ని ముందు పొద్దున్నే నిద్ర లేవడం నేర్చుకోమన్నారు. టీవీలో ఇద్దరు సెనేటర్లు ఒకరి పెళ్లాం ఊసు ఒకరు ఎత్తారు. ఇన్ని మాటలన్నారు గానీ రుమాలు మాట ఒక్కరి నోటా రాలేదు. డాక్టరుగారి మామకు సోయా పొలాలున్నాయి, రేడియో స్టేషన్లున్నాయి, పార్టీ ఆఫీసు కూడా ఆయన భవనంలోనే ఉంది. వచ్చే ఎన్నికలకూ అల్లుడే అభ్యర్థి అని ఆయన అప్పుడే చెప్పేశాడు.

కాబట్టి అత్త మీద కోపం దుత్త మీద చూపించాల్సి వచ్చింది. సెనేటర్ ఎలాదియో మరేకో రేడియోలో అడిగాడు, ఆ గొట్టం అందించిన చెయ్యి ఎవరిదో తేల్చాలి కదా అని. ఆయన్నే పెద్దగా పెట్టి విచారణ సంఘం వేశారు.

జునిల్ద యాభై దాటిన మనిషి, భర్త లేడు. బడి ముందు చీపా రొట్టెలు అమ్ముకుని బతుకుతుంది. నియంత కాలంలో పచ్చ కండువా ఇంట్లో దాచినందుకు ఆమె తండ్రిని జైల్లో వేసి కాలు విరగ్గొట్టారు. ఆయన పోయినప్పుడు శవపెట్టె మీద ఆ కండువా కప్పి, పార్టీ వాళ్లే భుజాల మీద మోసుకెళ్లారు. తననూ అలాగే సాగనంపాలని జునిల్ద కోరిక. కౌన్సిలర్ సీటు ఇస్తామన్నా ఎప్పుడూ తీసుకోలేదు. పార్టీలోంచి తీసేస్తే పెట్టె మీద కండువా వెయ్యరు. ఆమె భయమల్లా అదొక్కటే.

మా ఊళ్లో పార్టీకి ఇల్లు లేదు. మీటింగులన్నీ జునిల్ద వరండాలోనే జరిగేవి. ఆమె మీద విచారణ కూడా అక్కడే పెట్టారు. వచ్చేవాళ్లకి భోజనం మామూలుగానే ఆమెను వండమన్నారు.

ఆ పొద్దున ఆర్సేనియో వచ్చాడు. కమిటీలో ఆమె తర్వాతి మనిషి, ఆమె కొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ఆమె కర్రపెండలం తొక్క తీస్తుంటే పక్కన పీట వేసుకు కూర్చున్నాడు.

"గొట్టం మురికిగా ఉందని చెప్పు, చెల్లెమ్మా. డాక్టరుగారు తుడుచుకోక ఏం చేస్తారు అనిపిస్తుంది. నీకు ఓ హెచ్చరిక రాసి వదిలేస్తారు. సెనేటరుగారు నాకు మాటిచ్చారు."

"బూడిదతో తోమి, మరిగే నీళ్లలో వేసి తీశానన్నయ్యా. మీ కళ్లెదుటే కదా."

"నేను చూడలేదన్నానా? చూసినవన్నీ చెప్పుకుంటూ పోతే పార్టీ నడుస్తుందా?"

ఇంటికొచ్చిన మనిషికి మురికి గొట్టం ఇచ్చానని నా నోటితో చెప్పుకుంటే రేపు నా చేతి రొట్టె ఎవరు తింటారని ఆమె అడిగింది.

"రొట్టె కావాలా, కండువా కావాలా? ఆలోచించుకో" అని ఆర్సేనియో లేచి, పొయ్యి మీది మాంసం ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్లాడు.

మధ్యాహ్నానికి రెండు వ్యాన్లు వచ్చాయి. సెనేటరు, డాక్టరుగారు, యువజన విభాగం నుంచి సెలెస్తె అనే అమ్మాయి, ఇంకొందరు దిగారు. కమిటీ వాళ్లు వరండాలో కూర్చున్నారు. మేమంతా కంచె బయట నిలబడ్డాం. జునిల్దకు కుర్చీ వెయ్యలేదు. ఆమె కూడా అడగలేదు, వంట మధ్యలో వచ్చింది కదా.

సెనేటరు మెల్లగానే మొదలుపెట్టాడు. ఎన్నేళ్ల నుంచి అధ్యక్షురాలివి, ఏం చదువుకున్నావు, ఎదురింటావిడ నారింజ పార్టీ అట కదా, ఆవిడతో మాటలున్నాయా అని అడిగాడు. ఉప్పూ నిప్పూ ఇచ్చిపుచ్చుకుంటామని ఆమె చెప్పింది.

"ఇంకేం. ఈమె పెరట్లో కోళ్లు కూడా నారింజ రంగు గుడ్లే పెడుతున్నాయేమో చూడండి" అన్నాడు సెనేటరు. అందరూ నవ్వారు. ఆర్సేనియో నవ్వు అందరికన్నా ఎక్కువసేపు వినిపించింది.

సెలెస్తె ముందుకు వంగి, మనిషికో గొట్టం పెడితే సరిపోయేది కదా ఆంటీ, ఆ మాత్రం తట్టలేదా అంది. కంచె దగ్గర మా ముసలాయన ఒకడు, "మనిషికో ఓటు పెట్టారు కదా తల్లీ, అది చూశాంగా" అన్నాడు. సెనేటరు అటు చూశాడు. ముసలాయన టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

అప్పుడు జునిల్ద నడుముకు కట్టుకున్న వంట గుడ్డకు చేతులు తుడుచుకుని చెప్పింది.

"గొట్టం మురికిగా ఉంది. సరిగ్గా తోమలేదు. తప్పు నాదే."

ఆమె ఇంట్లో నీళ్లు తాగిన ఆడవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఎవరమూ తలెత్తలేదు. డాక్టరుగారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు. వ్యాను డ్రైవరు ఫోను పట్టుకుని తీస్తుంటే, అటు తిరిగి అన్నాడు:

"నేను ఈవిడని ఎప్పుడో క్షమించేశాను."

చప్పట్లు కొట్టారు. జునిల్ద ఆర్సేనియో వైపు చూసింది, ఇక హెచ్చరిక చదువుతారని.

సెనేటరు కళ్లజోడు తీసి, నిందితురాలే ఒప్పుకుంది కాబట్టి ఇక సాక్షులు అక్కర్లేదన్నాడు. దేశం మొత్తానికి పార్టీ ముఖం చూపించలేకుండా చేసిన నేరం ఇది, దీనికి శిక్ష ఒకటే ఉంది, అయితే నిబంధనల ప్రకారం ఆ మాట ఊరి కమిటీలోంచే రావాలి అన్నాడు. ఆగి, ఆర్సేనియో వైపు తిరిగాడు.

ఆర్సేనియో లేచాడు. గొంతు సవరించుకున్నాడు. జునిల్దను పార్టీలోంచి తీసెయ్యాలని తానే ప్రతిపాదించాడు. చెల్లెలి లాంటి మనిషని తనకు గుండె తరుక్కుపోతోందట, కానీ పార్టీ తల్లి లాంటిదట.

"అన్నయ్యా, మీరు పొద్దున..." అంది జునిల్ద.

"పొద్దున నువ్వు ఒప్పుకోలేదుగా, చెల్లెమ్మా" అన్నాడు ఆర్సేనియో. "ఇప్పుడు ఒప్పుకున్నావు."

కమిటీలో చేతులన్నీ లేచాయి. కొన్ని కాస్త మెల్లగా లేచాయి, అంతే తేడా.

ఆమె ఏడవలేదు. మరి నేను పోయినప్పుడు ఎలాగండీ అని అడిగింది. సెనేటరుకు అర్థం కాలేదు. ఆర్సేనియో ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"ఓ, అదా" అన్నాడు సెనేటరు. "సభ్యులకే కదమ్మా కండువా. ఆ రూలు నేను పెట్టింది కాదు."

తర్వాత ఆయన కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పని మొదలుపెడదామన్నాడు. అది లోపలి వ్యవహారమట, సభ్యులు కానివాళ్లు బయటికి వెళ్లాలట. ఆయన ఎవరి గురించి అంటున్నాడో ముందు జునిల్దకే అర్థమైంది. వంట గుడ్డ విప్పి కుర్చీ వీపు మీద వేసి, తన వరండా మెట్లు దిగి, తన గేటు తీసుకుని వీధిలోకి వచ్చింది. మేం పక్కకు జరిగి దారిచ్చాం. ఒక్కరం కూడా చెయ్యి పట్టుకోలేదు. వ్యాన్లు ఇంకా అక్కడే ఉన్నాయి కదా.

ఎదురింటి పాబ్ల కుర్చీ ఒకటి మోసుకొచ్చి వీధిలో వేసింది.

"కూర్చో జునిల్దా. వాళ్లు తినకుండా పోరు."

"నారింజ వాళ్ల కుర్చీలో నేను కూర్చోను."

"నాది ఏ రంగైనా నాకంటూ ఒకటుంది" అంది పాబ్ల. "నీకిప్పుడు ఏదుంది చెప్పు? కూర్చో."

జునిల్ద నిలబడే ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. లోపల చప్పట్లు వినిపించాయి, ఆర్సేనియో పేరు వినిపించింది. ఆ తర్వాత కుర్చీలు జరిపారు. వాళ్లే వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసుకున్నట్టున్నారు, మాంసం వాసన వీధి దాకా వచ్చింది. డాక్టరుగారు చాలా బాగుందని మెచ్చుకోవడం కూడా వినబడింది.

కాసేపటికి కంచె అవతల నుంచి ఆర్సేనియో కేకేశాడు.

"చెల్లెమ్మా, ఉప్పెక్కడ పెట్టావు?"

మేమంతా ఆమె ముఖం చూశాం. జునిల్ద గేటు దగ్గరికి వెళ్లి, ఊచ పట్టుకుని, లోపలికి అడుగు పెట్టకుండా ఆగింది.

"పొయ్యి పక్క గూట్లో ఉందన్నయ్యా" అంది, అందరికీ వినబడేట్టు. "మూత బిగుతుగా ఉంటుంది. కాస్త తిప్పి తియ్యండి."