చీటీ ఇచ్చి అడగాలి

తొమ్మిదో తరగతికి సైన్సు టీచరు పెట్టిన రూలు ఒకటే. సమస్య ఆవిడ ఇస్తుంది, దారి పిల్లలే వెతుక్కోవాలి. జట్టుకు మూడు చీట్లు. టీచర్ని ఏదైనా అడగాలంటే ఒక చీటీ ఇచ్చి అడగాలి. అంతవరకూ ఆవిడ నోరు విప్పదు.

ఈసారి సమస్య బడిలోదే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కుళాయిల దగ్గర తోపులాట, చిన్న తరగతుల వాళ్లకు నీళ్లు దొరకడం లేదు.

కిటికీ పక్క జట్టులో ఆవిడ కూతురే ఉంది. ఇంట్లో ఆ పిల్ల సరిగ్గా మాట్లాడి మూడు నెలలయింది. కోపమేమీ లేదు. "ఊ", "తిన్నాను", "ఏం లేదు", అంతే. ఒక్క చీటీ పట్టుకుని తన బల్ల దగ్గరికొస్తే చాలని, టీచరు దిద్దిన కాగితాన్నే మళ్లీ దిద్దుతూ కూర్చుంది.

ఆ జట్టు అట్టమీద గోడ పొడవునా కొత్త కుళాయిలు గీసింది. అన్నీ పెద్దపిల్లల ఎత్తులోనే. ఆ తప్పు ఎత్తి చూపబోయి టీచరు పెదవి కొరుక్కుంది. అడుగుతారులే అనుకుంది.

"టీచర్నడుగుదామే," అంది జడల పిల్ల. "ఈ చీట్లేమన్నా ఊరగాయ పెడతామా?"

"ఆగవే." కూతురు కళ్లజోడు పిల్లవైపు తిరిగింది. "నువ్వేదో అనబోయావ్."

"ఏం లేదులే."

"తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పు."

జడల పిల్ల చీట్లు కింద పెట్టింది. కళ్లజోడు పిల్ల తన గోళ్లు చూసుకుంటూ, "మా తమ్ముడికి ఆ కుళాయి అందదు," అంది.

"మనలాగే అందరూ తాటిచెట్లనుకున్నాం," అని కూతురు పకపకా నవ్వి రబ్బరు అందుకుంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో టీచరుకు గుర్తు రాలేదు.

పీరియడు అయ్యాక కూతురు మూడు చీట్లూ తెచ్చి బల్లమీద పెట్టింది.

"మాకు అవసరం పడలేదు, టీచర్."

"బాగా చేశారు," అంది ఆవిడ. నిజంగానే బాగా చేశారు. చీట్లు సొరుగులో వేసేసరికి ఆ పిల్ల గుమ్మం దాటేసింది.

సాయంత్రం తల్లి కూర కలుపుతుంటే కూతురొచ్చి వంటింటి గడపలో నిలబడింది. మంచినీళ్లకు కాదు, ఊరికే.

"అమ్మా, ఇవాళ మా జట్టులో ఏమయిందంటే..."

"ఆ, కుళాయిల ఎత్తేగా. నేను ముందే చూశాను, మీరు అడుగుతారేమో, అప్పుడు..."

"నీకు తెలుసుగా," అంది కూతురు. గొంతులో విసుగు కూడా లేదు.

తల్లి గరిటె పక్కన పెట్టి, "నాకేం తెలీదే, నువ్వు చెప్పు," అంటూ వెనక్కి తిరిగింది.

అప్పటికే గడపలో ఎవరూ లేరు.