కేడీఎం పొగ

ప్రొద్దుటూరులో నగలు కొనేవాళ్లు కేడీఎం అన్న మూడక్షరాలు వినగానే మేలిమి బంగారమని మురిసిపోతారు. అది కాడ్మియం అనే లోహమని, నగ ముక్కల్ని అతికే మాటులో కలుపుతారని ఎవరికి పట్టింది? మంట తగలగానే ఇట్టే కరిగి, అతికి, చాలావరకు పొగై పోతుంది. బంగారం నాణ్యం తగ్గదు. ఆ పొగ ఎక్కడికి పోతుందో దిల్షాద్‌బీకి తెలుసు. ఇదే గదిలో ఇరవై ఏళ్లు మాటు వేసిన ఆమె మొగుడు ఫకీర్ సాహెబ్ ఊపిరితిత్తుల్లోకి పోయింది. మనిషి రొప్పి రొప్పి పోయాడు.

ఇంటర్ చదివే కూతురు సుహానా పుస్తకం తెరిచి చూపించింది. జింకు దొరికే రాతిలోనే కాడ్మియమూ దొరుకుతుందట, బ్యాటరీల్లో, పసుపు రంగుల్లో వాడతారట, ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి వదలదట. మొగుడి తర్వాత ఆ పని అందుకున్న దిల్షాద్‌బీ ఆ రోజే జింకు మాటుకు మారింది.

ఈ ఉదయం షాపు యజమాని వరదరాజులు పులివెందుల పెళ్లివారి గాజులతో పాటు కాడ్మియం మాటు కూడా తెచ్చాడు. ఇది వాడకపోతే పని జమ్మలమడుగు వాళ్లకిస్తానన్నాడు. ఈ పని పోతే సుహానా చదువు ఆగిపోతుంది. దిల్షాద్‌బీ పళ్లు బిగించి ఊదుగొట్టం అందుకుంది.

ఆయన ఎప్పటిలాగే ఎదురుగా పీట వేసుకున్నాడు. పళ్లెంలోని బంగారు రజను గాలికి ఎగిరిపోకుండా కిటికీ మూయించి, ఫ్యాను ఆపించాడు. నలుసంత పోయినా ఆయనకు నిద్ర పట్టదు. ఆమె మాటు ముక్కను గాజు మీద పెట్టగానే, అంగట్లో పనుందంటూ లేచాడు.

దిల్షాద్‌బీ చెయ్యి ఆగిపోయింది. బంగారం మీంచి చూపు తిప్పని మనిషి, మాటు వేసే వేళకు మాత్రం ఎప్పుడూ ఇలాగే బయటికి పోయేవాడు. ఎంత గుడ్డిది తను! ఒళ్లు మండిపోయింది.

"మా ఆయన ఊదేటప్పుడు గూడా ఇట్లనే లేస్తాంటివి అన్నా. నిజంగానే పనుందేమో అనుకుంటి నేను."

వరదరాజులు గడప దాటి ఆగాడు.

"వచ్చి కూర్చో. నువ్వు ఈడ కూర్చుంటే ఈ మాటే ఏస్తా. లేదంటే జింకే. జమ్మలమడుగుకు ఇచ్చుకుంటావో, ఇచ్చుకో."

ఆయన అడుగు లోపల పెట్టలేదు. ఆమె కాడ్మియం మాటును కాగితంలో చుట్టి గడప మీద పెట్టింది. కిటికీ బార్లా తెరిచి, ఫ్యాను వేసింది. పళ్లెంలో రజను లేచింది.

వరదరాజులు ఒక్క ఉరుకున లోపలికొచ్చి రెండు చేతులూ పళ్లేనికి అడ్డం పెట్టాడు.

"దీనికైతే వస్తివే," అంది దిల్షాద్‌బీ. ఫ్యాను మాత్రం ఆపలేదు.